సగం కొట్టానికి సున్నం

శాలేమురాజు గేదె దొమ్మరోగంతో చచ్చింది. చచ్చేముందు దాని ముక్కు నుంచి కారిన నల్లనెత్తురు పశువుల కొట్టంలో రాహేలు వైపుకు పారి, మట్టిలో ఇంకిపోయింది.

రాహేలు అతని తమ్ముడి పెళ్లాం. మొగుడు పోయాక సంఘపెద్దల్ని కూర్చోబెట్టి కొట్టంలో సగం పంచుకుంది. ఆ రోజు ఊళ్లో లేదు. చెవుల కమ్మలు అమ్మి, పాడిగేదెను తెచ్చుకుందామని రేపల్లె వెళ్లింది.

తెనాలి నుంచి వచ్చిన పశువుల డాక్టరు కళేబరాన్ని లోతుగా పూడ్పించాడు.

"ఈ క్రిమి ఏళ్ల తరబడి మట్టిలో చావకుండా ఉంటుంది పెద్దాయనా. కొట్టం మొత్తం మట్టి తీయించి, ఈ మందు పోసి, సున్నం చల్లించండి" అని చెప్పి వెళ్లాడు.

శాలేమురాజు దగ్గరుండి తన వైపంతా చేయించాడు. నడిమి గుంజ దగ్గర కూలివాడు ఆగి, "అవతల కూడా చెయ్యమంటారా?" అన్నాడు.

"అవతలది ఆవిడగారి ఆస్తి. మనం కాలు పెట్టకూడదని పెద్దలే చెప్పారు" అని, మిగిలిన మందూ సున్నమూ ఇంట్లో పెట్టించాడు.

సాయంత్రానికి రాహేలు గేదెను తోలుకొచ్చింది. నేలను చూసి నిలబడిపోయింది.

"మీ గేదె దొమ్మకు పోయిందని దారిలోనే చెప్పారు బావగారూ. దీన్ని ఎక్కడ కట్టాలా అని ఏడుస్తూ వచ్చాను. సున్నం మీ వైపే చల్లారు. అంటే మా వైపు ఏమీ అంటలేదన్నమాట. ప్రభువు కాపాడాడు."

"నీ సగం నీదేగా అమ్మాయ్, కట్టేసుకో" అన్నాడు శాలేమురాజు.