చల్లగాలి కారు

నరసరావుపేట బియ్యం వ్యాపారి కోటేశ్వరరావు కారు డిక్కీలో బియ్యం ఉన్నాయని సబ్ ఇన్‌స్పెక్టరు చెన్నకేశవులు చెవిలో ఎవరో ఊదారు. ఎవరు ఊదారో, ఎందుకు ఊదారో ఆలోచించే చెడ్డ అలవాటు ఆయనకు లేదు.

అసలే బియ్యం కంట్రోలు రోజులు. గురజాల దాటి కృష్ణ రేవుకు పోయే రోడ్డు మీద అడ్డకర్ర వేసుకుని వేసవంతా కూర్చున్నా, నైజాంలోకి పోయే దొంగ బియ్యం గింజ కూడా పట్టుకోలేకపోయాడు. ఈ నెలా పట్టుకోకపోతే మన్యానికి బదిలీ అన్నారు పైవాళ్ళు. అక్కడి చలిజ్వరం తలుచుకుంటే ఆయనకు మండుటెండలోనే వణుకొస్తోంది.

మిట్టమధ్యాహ్నం కారు రానే వచ్చింది. అమెరికా దొరెవరో మద్రాసులో అమ్మేసి పోయిన కారు. లోపల చల్లగాలి పుట్టించే యంత్రం ఉందట. దాని కంప్రెసర్ చప్పుడు ముందు బియ్యం మర దిగదుడుపే. ఉన్న ఒక్క కానిస్టేబులు గురవయ్య అడ్డకర్ర ఎత్తాడు. కారు ఇవతలికొచ్చి చెట్టు కింద ఆగింది.

"డిక్కీలో ఏందండీ రావుగారూ?"

"చల్లగాలి యంత్రమండీ. గ్యాసు ఎక్కడో కారిపోతా ఉంది. ఆ చప్పుడు కూడా అందుకేనేమో."

యంత్రమంటే నమ్మడానికి చెన్నకేశవులు పాలుతాగే పిల్లాడా? యంత్రం నిజమైతే గాలి చల్లగా రావాలి. గ్యాసు కారేది నిజమైతే ఆ చోటు దొరకాలి. రెండూ తేల్చి పారేస్తానన్నాడు.

"గొట్టాలకి నురుగు పూస్తే, కారేచోట బుడగలొస్తయండీ," అన్నాడు కోటేశ్వరరావు. ముందుచూపున్న మనిషి, కుంకుడు నురుగు చెంబుతో సహా తెచ్చుకున్నాడు.

"ఒరేయ్ గురవయ్యా, నువ్వు కారు కిందికి దూరు," అని చెన్నకేశవులు వెనక సీట్లో కూర్చున్నాడు. చల్లదనం పోకుండా అద్దాలు ఎత్తారు. ఎండ పడకుండా తెరలు లాగారు. ఇంజను ఆపితే గాలి ఆగిపోద్దని కోటేశ్వరరావు పక్కనే కూర్చుని రెండుసార్లు అరిస్తే గాని ఆయనకు వినపడలేదు.

గాలి నిజంగానే చల్లగా వచ్చింది. మన్యం, జ్వరం, పైవాళ్ళు అన్నీ మరిచిపోయి ఆయన హాయిగా కళ్ళు మూసుకున్నాడు. దర్యాప్తన్నాక తొందర పనికిరాదు కదా.

చాలాసేపటికి దిగి, డిక్కీలో పెట్టె విప్పించాడు. లోపల యంత్రం తప్ప గింజ లేదు. కోటేశ్వరరావు దణ్ణం పెట్టి, కారు వెనక్కి తిప్పుకుని వచ్చిన దారినే నరసరావుపేట వెళ్ళిపోయాడు. మరి ఎందుకొచ్చినట్టో అడగాలని ఎవరికీ తోచలేదు.

"కింద నీకేమన్నా కనపడ్డదంట్రా?" అన్నాడు చెన్నకేశవులు ఉసూరుమంటూ.

గురవయ్య మొహం మీది నురుగు తుడుచుకున్నాడు.

"బుడగలైతే ఒక్కటీ లేవలేదయ్యా. ఎద్దుల కాళ్ళు, బండి చక్రాలు మాత్రం రేవు దిక్కుకి చానాసేపు పోతానే ఉన్నయి. అడ్డకర్ర నేను దించలేదు గదా, తమరే దగ్గరుండి పంపిస్తన్నారనుకున్నా."