టీచరు గారి ఫోను

“ఇంకా ఉలి పట్టుకునే ఉన్నావా?”

ఫోనులో టీచరు గారి గొంతు వినగానే, రాళ్లు చెక్కే అతను ఉలిని వీపు వెనక దాచాడు. చిన్నప్పుడు ఆవిడ క్లాసులో బలపం దాచినట్టే.

“లేదండీ.”

“అబద్ధం. టక్కుటక్కుమని నాకు వినబడుతూనే ఉంది. వీధి వీధంతా కొండెక్కింది. నువ్వొక్కడివే మిగిలావు.”

“ఎండ మాడ్చేస్తోందండీ. ఇప్పుడు వరదేంటి?”

“వాన పడింది ఇక్కడ కాదు, ఎగువన. ఏట్లో పెట్టిన మీటర్లు చెబుతున్నాయి. చీకటి పడేలోపు నీ గుమ్మంలోకి నీళ్లొస్తాయి.”

“పోయినసారీ సైరన్ మోగింది. చుక్క నీరు రాలేదు.”

“అంతకుముందు వచ్చిందిగా. అప్పుడూ ఇలాగే కూర్చున్నావు. చెట్టు మీంచి దింపాల్సి వచ్చింది నిన్ను.”

అతను ఉలిని కింద పెట్టాడు.

“చెప్పులేసుకో. రాయి ఎక్కడికీ పోదు. కొట్టుకుపోయేది నువ్వే, మొండిఘటమా.”

కొండ మీది బడిలో, వరద హెచ్చరికల కంప్యూటరు పక్కన కూర్చుని ఆ మాటలు వింటున్న టీచరు గారి భర్త కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనా మాస్టారే.

“కదులుతాడంటారా?” అంది ఆ కంప్యూటరు నడిపే ఇంజినీరు అమ్మాయి.

“మొండిఘటం అన్నాక ఆవిడకి ఎదురు చెప్పినవాళ్లు లేరమ్మా. నాతో సహా.”

“ఆ మాట మీరు గుర్తు చేయబట్టి సరిపోయింది.”

సైరన్‌కీ పోలీసులకీ కదలని ఊరు, ఆ మధ్యాహ్నం ఇంటింటికీ వెళ్లిన టీచరు గారి ఫోనుకి కదిలింది. బడి వరండాలో ముసలివాళ్లూ పిల్లలూ మేకలూ కిక్కిరిసి ఉన్నారు.

పొద్దు వాలుతుండగా రాళ్లు చెక్కే అతను ఉలుల సంచీ భుజాన వేసుకుని, రొప్పుతూ పైకి వచ్చాడు. కింద అతని పాకలోకి ఎర్రనీళ్లు అప్పుడే చొరబడుతున్నాయి.

మాస్టారు మంచినీళ్ల గ్లాసు అందించాడు.

“మొదటి ఫోనుకే రావచ్చుగా.”

“ఇంకాసేపు తిట్టించుకుందామని.”

మాస్టారు ఖాళీ గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. “ఒక సంగతి చెప్పాలి నీకు. ఆ గొంతు ఈ కంప్యూటరు...”

“చెప్పక్కర్లేదు మాస్టారూ,” అన్నాడతను నెమ్మదిగా.

ఆవిడ సమాధి మీద పేరు చెక్కింది అతనే.