బొట్టు నుంచి కొలత

మా తమ్ముడు చలపతి అమెరికాలో, ఎడిసన్ ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాడు. లైసెన్స్ రెన్యూ కావాలంటే కొత్త క్లాసు ఒకటి పాస్ కావాలట. ఇన్నాళ్ళూ రెండు కళ్ళ మధ్య దూరం ఒకేసారి కొలిచేవాడు. ఇప్పుడొచ్చిన అద్దాలకి ముఖం మధ్య నుంచి ఒక్కో కంటికీ విడిగా కొలవాలట.

వారం రోజులు నన్ను కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేశాడు. రోజూ ఎడమకీ కుడికీ బాగా తేడా వచ్చేది. స్కేలు పట్టుకున్న చెయ్యి వణికేది.

"లైసెన్స్ పోతే జాబ్ పోతుంది అక్కయ్యా" అనేవాడు.

వాడి చెయ్యి నిలపమని నేను దీపం పెట్టి దండం పెట్టుకునేదాన్ని.

ఈ సాయంత్రం క్లాసు నుంచి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందిరా?"

"పాసయ్యాను. ఇంట్లో ఎక్కణ్ణుంచి కొలిచావని టీచర్ అడిగితే, మా అక్కయ్య బొట్టు నుంచి అన్నాను. అంతా నవ్వారు. ముక్కు మధ్య నుంచి కొలవాలట."

"మరి నువ్వు నవ్వవేం?"

వాడు స్కేలు తీసి నా ముక్కు మీద ఆనించాడు. "తప్పు నా చేతిది కాదక్కయ్యా. నీ బొట్టు పక్కకి ఉంది."

"అద్దంలో చూసుకునే పెట్టుకుంటున్నానురా."

వాడు నా కుడికన్ను మీద అరచెయ్యి ఉంచాడు.

"ఏం కనిపిస్తోంది?"

"రెండు కళ్ళూ మూసేస్తే ఏం కనిపిస్తుందిరా? చెయ్యి తియ్యి."

"ఒక్క కన్నే మూశాను అక్కయ్యా."