కప్ప, గడ్డి, నత్త

"కప్ప సీసా పక్కన ఎండుగడ్డి అంటించిన అట్ట పెట్టిందెవరు?"

మ్యూజియం స్టోర్‌రూమ్‌లో అధికారిణి అరుపుకు అద్దాల బీరువా అదిరింది.

"నేనే మేడమ్," అంది స్టోరు చూసుకునే అక్క. "ఆ నత్తని కూడా నేనే పెట్టా. మూడింటికీ లాటిన్ పేరులో రెండో మాట ఒకటేగా. ఒకే ఇంటివాళ్లేమోనని..."

"భలేదానివక్కా! బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టావు. మొదటి మాట కలిస్తేనే చుట్టాలు. రెండోది ఎవరు దేనికైనా పెట్టుకోవచ్చు. ఇదెవరో మనిషి పేరు. చివర లాటిన్ తోక తగిలించారంతే."

"ఎవరంటారు?"

"ఎవరో మహా పండితుడై ఉంటాడు. ఈపాటికి పోయే ఉంటాడు. ముందా ఫోన్ సంగతి చూడు."

ఫోన్ మోగడం అది ఏడోసారి. అధికారిణికి ఒకచోట కాలు నిలవడం లేదు. ఆ ఒక్క కొండమీదే ఉండే ఆ కప్ప ఏ ఊట దగ్గర బతుకుతోందో సాయంత్రం ఐదులోగా కలెక్టరాఫీసుకి రాసి పంపాలి. పంపకపోతే రేపు పొద్దున్నే క్వారీవాళ్లు కొండని పేల్చేస్తారు. సీసా మీది చీటీలో 'కొండమీద ఊట' అని మాత్రమే ఉంది. కొండమీద ఊటలేమో నలభై! కప్పను తెచ్చిన శాస్త్రవేత్త పోయి ఇరవై ఏళ్లు.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

చంకలో గొడుగుతో ఒక ముసలాయన. కాళ్లకు చెప్పుల్లేవు.

"అమ్మా, ఆ కప్ప గురించి..."

"తాతగారూ, ఇవాళ ఎవరికీ ఏమీ చూపించం. రేపు రండి."

"రేపటికి కొండ ఉండదంట కదమ్మా?"

"ఆ కొండే నా నెత్తిమీద ఉంది! మీకు పుణ్యముంటుంది, వెళ్లండి."

ఆయన సీసా వైపు చూసి చిన్నగా నవ్వాడు.

"చదువుకున్నవాళ్లు, మీకు తెలీకుండా ఉంటుందా," అనుకుంటూ వెళ్లిపోయాడు.

ఆవిడ పాత ఫైళ్లన్నీ తిరగేసింది. పటాలు నేలమీద పరిచింది. కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది.

ఐదు కొట్టింది.

'చోటు తెలియదు' అని రాసి పంపేసింది.

రోజూలాగే వాచ్‌మన్ సందర్శకుల పుస్తకం సంతకానికి తెచ్చాడు. ఆవిడ ఏనాడూ దాన్ని చదివిన పాపాన పోలేదు, సంతకం గీకి ఇచ్చేసేది.

ఇవాళ పెన్ను ఆగిపోయింది.

చివరి వరసలో ఒక వేలిముద్ర, పక్కన వాచ్‌మన్ చేతిరాతలో కప్పకీ గడ్డికీ నత్తకీ ఉన్న అదే పేరు, లాటిన్ తోక లేకుండా. ఆ పక్క గడిలో, 'వచ్చిన పని: ఊటకి దారి చెప్పడం.'