బొత్తాం పథ్యం

“దీనికి బొప్పాయీ గుడ్డూ ఎవరు పెడుతున్నారు?” అని పశువుల డాక్టరు నిలదీసేసరికి డైటీషియన్‌కు తల కొట్టేసినట్లయింది.

“ఎవరూ పెట్టడం లేదండీ. మీరు చెప్పిన ఆకులే పెడుతున్నాం.”

“రెట్టలో బొప్పాయి గింజలున్నాయి. మూతికి పచ్చసొన అంటుకుని ఉంది. ఇది అబద్ధాలాడుతోందంటారా?”

ఆయన అరచేతిలో తాబేలు పిల్ల నాలుగు కాళ్లూ లోపలికి లాక్కుని, తనకేమీ సంబంధం లేనట్లు పడుకుంది. ఆయన బొటనవేలితో చిప్పను మెల్లగా నొక్కాడు. గట్టిగా ఉండాల్సింది కాస్తా లోపలికి దిగింది.

“పోయినసారి కంటే మెత్తబడింది. ఇంకో రెండు వారాలు ఇదే తిండి పెడితే నా దగ్గర మందు లేదు. మీ ఇష్టం.”

పక్కనే ఖాళీ చెప్పుల పెట్టెను గుండెలకు హత్తుకుని నిలబడిన పదేళ్ల కూతురు అడిగింది. “అమ్మా, బొత్తాం చచ్చిపోతుందా?”

డైటీషియన్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఆమె ఆసుపత్రిలో రోగులు దిండు కింద దాచుకున్న బిస్కెట్లను వాసన పట్టి బయటికి లాగే మనిషి. వార్డులోకి అడుగుపెడితే నోట్లో ఉన్న ముద్ద కూడా ఆగిపోతుందని ప్రతీతి. అలాంటిది సొంత ఇంట్లో, పిడికెడు లేని తాబేలు పథ్యం తప్పడమేమిటి? దారంతా పళ్లు నూరుకుంటూనే ఉంది.

ఇంటికి చేరగానే భర్త మీద పడింది. ఆయన కళ్లజోళ్ల దుకాణం నుంచి అప్పుడే వచ్చి సోఫాలో కాళ్లు చాపాడు.

“బొత్తాంకి గుడ్డు పెట్టింది మీరేనా?”

“వారానికి నాకు దక్కేదే రెండు గుడ్లు. అందులో దానికి వాటా ఇస్తానా?”

“వేళాకోళం ఆపండి. దాని ప్రాణం మీదికొచ్చింది ఇక్కడ.”

“నేను దాని జోలికే పోలేదు. ఒట్టు.”

“మరి బొప్పాయి గింజలు ఎగిరొచ్చి దాని నోట్లో పడ్డాయా?”

ఆయన మళ్లీ ఒట్టేశాడు. కూతురేమో పొద్దున బడికి పోతే సాయంత్రం గానీ రాదు. ఇక మిగిలింది అత్తగారు. నిజానికి తాబేలుకు రోజూ తిండి పెట్టేది ఆవిడే. కానీ ఆవిడను అనుమానించడానికి కోడలికి మనసొప్పలేదు. ఈ ఇంట్లో తన మాటను కిమ్మనకుండా వినేది ఆవిడొక్కరే. ఈ నెలలో ఇవాళ తప్ప తనకు సెలవు లేకపోయింది. తెల్లారకముందే డ్యూటీకి పోయి, ఆవిడ తిని పడుకున్నాక ఇల్లు చేరడమే. అయినా అత్తగారు పథ్యం తప్పలేదనడానికి మొన్నటి రిపోర్టే సాక్ష్యం. షుగరు దిగింది, బరువూ తగ్గింది. ఆ రిపోర్టును వార్డులో పదిమందికీ చూపించి మురిసిపోయింది కూడా.

అయినా తప్పదు. వెనకగదిలోకి వెళ్లి మంచం అంచున కూర్చుంది.

“అత్తయ్యా, ఏమనుకోకండి. బొత్తాంకి మీరేం పెడుతున్నారు?”

“నువ్వు రాసిందే పెడుతున్నానమ్మా. పొద్దున ఉడికిన గుడ్డు, పదకొండింటికి నాలుగు బొప్పాయి ముక్కలు, మధ్యాహ్నం పాలల్లో నానేసిన రొట్టె. అంత చిన్నదానికి ఇంత తిండేమిటా అనుకున్నాను. అది తిన్నంత తిని పోతుంది, మిగిలింది పారబోస్తున్నాను. చదువుకున్నదానివి, నీకు తెలియదా అని ఊరుకున్నా.”

కోడలికి ఒళ్లు మండిపోయింది. మూడు వారాలుగా తను నెత్తీనోరూ బాదుకుంటున్నది ఇందుకేనా?

“నేనెప్పుడు రాశాను గుడ్డు పెట్టమని? అది ఆకులు తినే జీవం అత్తయ్యా. పండు పెడితేనే కడుపు పాడవుతుంది. గుడ్డు, పాలు విషంతో సమానం. ఆ మాత్రం నాకు తెలియకనే రాశానా?”

“నా మీద అరిచి ఏం లాభం? ఫ్రిజ్ మీద నీ రాతే ఉంది, పోయి చూసుకో.”

డైటీషియన్ విసురుగా వంటగదిలోకి వెళ్లింది. ఒకే రోజు హడావుడిగా రాసి అతికించిన కాగితాలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆమె ఎప్పుడూ పథ్యం కాగితం మీద పేరు రాయదు. ఆసుపత్రిలో మంచం నంబరు వేస్తే చాలు. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. ఒక కాగితం మీద ఒకటి, రెండో దాని మీద రెండు. అంతే. అడిగేవాళ్లు లేరు, చెప్పాలని తనకూ తోచలేదు.

రెండు కాగితాలూ పీకి తెచ్చి అత్తగారి ముందు పరిచింది. కోపం ఇంకా గొంతులోనే ఉంది.

“ఒకటి బొత్తాంది, రెండు మీది. ముందు దానికి రాశాను, తర్వాత మీకు రాశాను.”

“అయ్యో. ఇంట్లో పెద్దదాన్ని కదా, ఒకటి నాదేననుకున్నాను.”

కోడలు ఒకటో కాగితం వైపు చూసింది. అత్తగారి ముఖం వైపు చూసింది.

“మరి ఇన్నాళ్లూ మీరు...”

“మందారాకులు పర్వాలేదమ్మా,” అన్నారు అత్తగారు నెమ్మదిగా, “ఆ గడ్డి మాత్రం కాస్త తగ్గించి రాయి, నమలలేకపోతున్నాను.”