వరసలో నాలుగోవాడు

"నీకేమన్నా మతిపోయిందా తమ్ముడూ? మళ్ళీ పోయి ఆ వరసలోనే నిలబడతావా?"

కోర్టు వరండాలో అక్క అతని చొక్కా పట్టుకుని వదలడం లేదు. అనుమానితుడి పక్కన అతని పోలికలున్న మామూలు మనుషుల్ని నిలబెడతారు. సాక్షి వచ్చి వేలు చూపించాలి. ఆ వరస.

"ఆ రోజు నా పక్కనంతా పొట్టివాళ్ళేనక్కా. తాటిచెట్టులా నేనొక్కణ్ణే కనబడ్డాను. ఇవాళ పట్టుకొచ్చినవాడూ పొడుగేనట. పక్కన ఇంకో పొడుగువాడైనా ఉండొద్దూ?"

"చెయ్యని నేరానికి పదకొండేళ్ళు మగ్గావు, చాలలేదూ?"

చివరికి నిర్దోషి అన్నారు, వదిలేశారు. అన్నవాళ్ళు హాయిగానే ఉన్నారు. ఇతనికే కోపం రాదు, ఏడుపు రాదు, ఆకలి కూడా అక్క గుర్తుచేస్తేనే. గోడలకు రంగులేస్తాడు. వరసకు పొడుగాటి మనిషి కావాలని ఎక్కడ తెలిసినా వెళ్ళి నిలబడతాడు.

"మీరు నాలుగో చోట నిలబడండి," అన్నాడు అధికారి మర్యాదగా.

మూడోవాడు డ్రైవరు. మందుల షాపాయన్ని కొట్టి చంపాడని పట్టుకొచ్చారు. కాళ్ళు గడగడా వణుకుతున్నాయి.

"నేను కాదన్నా. మా అమ్మ మీదొట్టు. షాపాయన భార్య నన్ను చూపించిందంటే ఇక అంతే సంగతులు."

"వణక్కు. వణికేవాడి మీదే కళ్ళు పడతాయి. నేను వణికాను."

"మీకు భయం వెయ్యట్లేదా?"

అతను కాసేపు లోపల వెతుక్కున్నాడు. "లేదు. వేస్తే బావుండు."

తలుపు తెరుచుకుంది. పోయినాయన భార్య వచ్చింది. మనిషి సగమైపోయింది. మొదటివాణ్ణి చూసింది, రెండోవాణ్ణి చూసింది. డ్రైవరు ముందు చాలాసేపు ఆగింది. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ ఇంకో అడుగు వేసింది.

"ఇతనే! ఈ కళ్ళు చచ్చినా మర్చిపోను. నూటికి నూరుపాళ్ళు ఇతనే!"

వేలు నాలుగోవాడి గుండెకు తగిలింది. డ్రైవరు నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అమ్మా, ఆయన ఊరికే నిలబడ్డానికి వచ్చిన మనిషి. ఇంకోసారి చూడండి," అన్నాడు అధికారి.

"నా మొగుణ్ణి చంపినవాణ్ణి నాకు ఇంకోసారి చూపిస్తారా?"

జవాను అధికారి చెవిలో గొణిగాడు, అందరికీ వినబడేలా. "ఇదివరకు లోపలికెళ్ళొచ్చిన ఘటమేనండీ."

అధికారి ముఖం మారిపోయింది. 'మీరు' కాస్తా 'నువ్వు'లోకి దిగింది.

"తలుపెయ్యండి. ఏయ్, ఆ రోజు, మార్చి తొమ్మిది సాయంత్రం, ఎక్కడున్నావు నువ్వు?"

బయట అక్క తలుపు బాదుతోంది. అతనికి అప్పుడూ ఏమీ అనిపించలేదు. గోళ్ళకంటిన రంగు గీక్కుంటూ చెప్పాడు.

"నన్ను వదిలింది మే నెలలోనండి. అప్పటికింకా మీ జైల్లోనే ఉన్నాను."