పక్క సీటు

“కాలరు పక్కకి తీయండి మావయ్యా.”

“ఎందుకమ్మా?”

“తీయమన్నానా!”

ఇన్‌స్పెక్టరు గదిలోంచి వచ్చిన ఆ కేకకి వరండాలో టీ తాగుతున్న కానిస్టేబుళ్ళు గ్లాసులు దించేశారు. ఏళ్ళ తరబడి వందలమందికి దేవుడి వాక్యం చెప్పిన పాస్టరు మీద ఇంతవరకూ ఎవరూ గొంతెత్తి ఎరగరు. ఎత్తింది సొంత కోడలు. ఫోరెన్సిక్ ల్యాబులో ఆఫీసరు. పిడికెడంత మనిషి, అక్కడ ఆమెకి ‘మిరపకాయ మేడమ్’ అని పేరు, వెనకాల మాత్రమే. కోపం వస్తే పెద్దా చిన్నా కనిపించవు. తెల్లకోటు గుండీలు మెడదాకా బిగించుకుని, ఆమె మావగారి ఎదుట నిలబడి ఉంది.

పాస్టరు చొక్కా పై గుండీ విప్పి తల పక్కకి వంచాడు. ఎడమ భుజం దగ్గర మొదలై, ఛాతీ మీదుగా కుడివైపు కిందికి కమిలిన చార కనిపించింది.

“ఇన్‌స్పెక్టరు గారూ, మన కార్లలో స్టీరింగు ఏ పక్క?”

“కుడి పక్క.”

“నడిపేవాళ్ళకి బెల్టు కుడి భుజం మీంచి వస్తుంది. పక్క సీట్లో వాళ్ళకి ఎడమ భుజం మీంచి. ఈయన కారు నడపలేదు. పచ్చి అబద్ధం చెప్పారు మీకు. అదీ దేవుడి మాట చెప్పే నోటితో!”

“మేడమ్, మీ ఇంటి కేసులో మీరు వేలు పెట్టకూడదు.”

“పెట్టను. చెప్తున్నానంతే. నమ్మకం లేకపోతే ఇంకొకళ్ళతో చూపించుకోండి.”

నిన్న పొద్దున్నే, ప్రార్థన ముగించుకుని వస్తున్న పాస్టరు గారి కారు మలుపులో రోడ్డు ఊడుస్తున్న ఆవిడని గుద్దింది. ఆవిడ అక్కడికక్కడే ప్రాణం వదిలింది. చూసినవాళ్ళు లేరు. పాస్టరే పోలీసులకి ఫోన్ చేసి, నేనే నడిపానని ఒప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరుకి అంతకంటే ఏం కావాలి? పిలవకుండానే వచ్చి ఒళ్ళో పడ్డ కేసు.

“ఇంకా వినండి. డ్రైవరు సీటు బాగా ముందుకి జరిపి ఉంది. తాటిచెట్టంత మనిషి, ఈయన కాళ్ళు ఆ సందులో పడతాయా?”

ఇన్‌స్పెక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. పాస్టరు కొడుకుని పేటంతా పొట్టిబాబు అంటారు. స్పీడుగా నడిపి ఇదే స్టేషన్లో చీవాట్లు తిన్న ఘనుడు.

“రోడ్డు మీద బ్రేకు వేసిన గుర్తే లేదు. నడిపేవాళ్ళ కళ్ళు రోడ్డు మీద ఉంటేగా! పక్కకి తిరిగి వాదిస్తున్నారు. ఔనా కాదా మావయ్యా?”

“దేని గురించండీ వాదన?” ఇన్‌స్పెక్టరు అడిగాడు.

“నా ప్రసంగం గురించి,” పాస్టరు నెమ్మదిగా అన్నాడు. “పాపిని దేవుడు నీతిమంతుడని తీర్పు ఇస్తాడని చెప్పాను. తప్పు చేసినవాళ్ళని వదిలేసే కోర్టూ ఒక కోర్టేనా అని పేచీ. మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. కానీ బండి నడిపింది నేనే.”

“తండ్రీకొడుకులన్నాక పేచీలు మామూలే లెండి.” ఇన్‌స్పెక్టరు నవ్వాడు.

కోడలు నవ్వలేదు. “ఇప్పుడు చెప్పండి మావయ్యా. ఆ కోర్టు ఏం కోర్టు?”

“ఊరికే వదిలెయ్యడం కాదమ్మా అది. శిక్ష ఉంది. ఇంకొకరు భరించారు, సిలువ మీద.”

“చనిపోయినావిడ మొగుడు బయట బెంచీ మీద కూర్చున్నాడు. నిన్నటి నుంచీ ఇంటికి పోలేదు. ఆయనకేం చెప్పమంటారు? చంపినవాళ్ళు ఇంట్లో అన్నం తింటున్నారు, చంపని మనిషి లోపలున్నాడు, సరిపోయింది వెళ్ళు బాబూ అని చెప్పాలా? మీ కృపలో ఆయన వాటా ఏది?”

ప్రతి ప్రశ్నకీ వాక్యం తీసి చూపించే మనిషి, ఈసారి వరండా వైపు చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“పిల్లల మొహం చూసైనా ఊరుకో తల్లీ. నేను ముసలాణ్ణి. ఎక్కడున్నా ప్రార్థన చేసుకుంటాను.”

“అసలు మిమ్మల్ని ఎవరడిగారు?”

“అడిగితే ఇచ్చేది కృప ఎలా అవుతుందమ్మా?”

“ఇచ్చేవాళ్ళకి మనసుంటే చాలదు మావయ్యా, తీసుకునేవాళ్ళకి సిగ్గుండాలి! బతికినన్నాళ్ళూ ఏ మొహంతో మీ ఎదుట తిరగాలి?”

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకుని లేచాడు. చాలా రోజుల తర్వాత ఒక నిజాయితీపరురాలిని చూసినట్టు ఆమె వంక చూశాడు.

“మొగుడి మీదికి వేలు చూపించడం మాటలు కాదు మేడమ్. మీకు దండం పెట్టాలి. పొట్టిబాబు ఎక్కడున్నాడు?”

“ఇంట్లోనే. పిల్లలకి అన్నం పెడుతున్నారు.”

“వద్దమ్మా, వద్దు!” పాస్టరు కుర్చీలోంచి లేవబోయి ఆమె కోటు చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆ ముసలి వేళ్ళని మెల్లగా విడిపించింది. వచ్చినప్పటి నుంచీ ఆమె మెల్లగా చేసిన పని అదొక్కటే.

జీపు తియ్యమని ఇన్‌స్పెక్టరు కేకేశాడు. అతన్ని దాటుకుని ఆమె వరండాలోకి నడిచింది. తెల్లకోటు చూసి డాక్టరనుకున్నాడో ఏమో, బెంచీ మీది మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఆమె అతనికి చేతులు జోడించింది.

“ఆ కారు నడిపింది నేనండీ.”